ఊరి గ్రూపులో తేలిపోయింది, ఊళ్ళో తేలలేదు. ఏ మాట లెక్క?

ఉద్దానం_కుర్రోడు

అందరికీ నమస్తే. కొంచెం పొడుగ్గానే రాస్తున్నాను, ఓపిగ్గా చదివి మీకేమనిపిస్తే అది మొహమాటం లేకుండా చెప్పండి.

మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కవిటి వైపు ఒక ఊరు. పేరెందుకులెండి, మావాళ్ళు ఎవరైనా చూస్తే అదో కొత్త గొడవ. మూడొందల గడప ఉంటుంది. ఇంటికొకరు చొప్పున బయటే ఉన్నాం, హైదరాబాద్, విశాఖ, చెన్నై, పోర్ట్ బ్లెయిర్, కొందరు గల్ఫ్‌లో. నేను కూకట్‌పల్లి దగ్గర ఉంటాను, పదకొండేళ్ళయింది. 2018లో తిత్లీ తుపాను వచ్చినప్పుడు ఇంటికి ఫోన్ కలవక, ఎవరు ఎలా ఉన్నారో తెలియక పిచ్చెక్కిపోయి ఊరి పేరుతో ఒక వాట్సాప్ గ్రూపు పెట్టాను. అప్పుడు ఇరవై ముగ్గురం. ఇప్పుడు 412 మంది. అడ్మిన్‌ని నేనే, నా ఖర్మ.

ఆ తుపానుకే అమ్మవారి గుడి ముందున్న రావిచెట్టు వేళ్ళతో సహా లేచిపోయింది. దాని చుట్టూ ఉన్న గట్టు కూడా పగిలిపోయింది. మా తాతల నాటి నుంచి ఊళ్ళో ఏ మాటైనా ఆ గట్టు మీదే జరిగేది. పెళ్ళి మాటలు, చెరువు వేలం, అన్నదమ్ముల పంపకాలు, కొబ్బరి దింపుకి కూలి ఎంతివ్వాలన్నది, అన్నీ. ఇప్పటికీ ఆ పగిలిన రాళ్ళ మీదే టార్పాలిన్ కట్టుకుని కూర్చుంటున్నారు.

పోయిన నెల ఎవరో ఆ టార్పాలిన్ ఫొటో గ్రూపులో పెట్టారు. ఇంతమందిమి సంపాదిస్తున్నాం, మన ఊరికి ఇదేం ఖర్మరా అని ఒకడు, రేకుల షెడ్డు వేయిద్దాం, కింద టైల్స్, నాలుగు సిమెంటు బెంచీలు, ఒక సీసీ కెమెరా అని ఇంకొకడు. పోల్ పెట్టాం. షెడ్డుకి 187 ఓట్లు, వద్దని 11. పది రోజుల్లో ఫోన్‌పేలో మూడు లక్షల నలభై వేలు పోగయ్యాయి, నిజం చెప్పొద్దూ, నాకు గర్వంగానే అనిపించింది. మేస్త్రీతో కూడా మాట్లాడేశాం.

ఆదివారం ఊళ్ళో కూర్చున్నారు, నలభై మంది దాకా. షెడ్డు వద్దన్నారు. మిట్టమధ్యాహ్నం రేకుల కింద కూర్చుంటే మాడిపోతాం, రేపు మళ్ళీ గాలొస్తే ఆ రేకులే ఎగిరొచ్చి మెడలు కోస్తాయి, రావి మొక్క నాటి గట్టు కట్టించండి చాలు, మిగిలిన డబ్బుతో శ్మశానం దారి బాగుచెయ్యండి, వానాకాలం మోకాల్లోతు బురదలో పాడె మోస్తున్నాం అన్నారు. మా చిన్నాన్న ఫోన్ చేసి ఒకే మాటన్నాడు, అప్పట్నుంచి నాకు నిద్ర సరిగ్గా పట్టడం లేదు. "పాడె మోసీది మేము, ఓట్లేసీది మీరేటి?" మా నాన్న కూడా ఆ నలభై మందిలోనే ఉన్నాడు. నాతో ఈ విషయం ఒక్క ముక్క మాట్లాడలేదు, వర్షం పడిందా అని అడిగి పెట్టేశాడు.

గ్రూపులో వాళ్ళు డబ్బులిచ్చింది మేం కదా అంటున్నారు, అదీ తప్పని చెప్పలేను. రెండు వైపులా నన్నే తిడుతున్నారు. 187 పెద్దదా 40 పెద్దదా అని నేను అడగడం లేదు, ఆ మాత్రం లెక్క నాకూ వచ్చు. మా గ్రూపు కూడా ఊరేనా, లేక ఊరి గురించి ఫొటోలు పెట్టుకునే చోటా? మీ ఊళ్ళలో ఇలాంటిది వస్తే ఏం చేశారు?

చోడంబలి

ఆ అడ్మిన్ పదవి ఎవడికైనా అంటగట్టి పారిపో బావు.

మా ఊళ్ళో గైరమ్మ సంబరానికి డీజే పెట్టాలా తప్పెటగుళ్ళు పిలవాలా అని గ్రూపులో మొదలైన గొడవకి ఒక గ్రూపు మూడు గ్రూపులయ్యింది. సంబరం మాత్రం ఒక్కటే చేశారు. మూడు గ్రూపుల వాళ్ళూ ఒకే పందిట్లో పక్కపక్కన కూర్చుని భోంచేశారు, ఒకడి మొహం ఒకడు చూసుకోకుండా. వడ్డించేవాడికి ఎవరే గ్రూపో తెలియదు కాబట్టి పులిహోర అందరికీ సమానంగానే పడింది.

నాగావళి_మాస్టారు

బాబూ, నేను రిటైరైన టీచర్ని, శ్రీకాకుళంలో ఉంటాను. 2018లో మందస మండలంలో పనిచేస్తున్నాను కాబట్టి మీరు చెప్పే గట్టు ఎలాంటిదో నాకు తెలుసు, మీ గ్రూపు ఎందుకు పుట్టిందో కూడా తెలుసు.

అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తీరం దాటింది. గంటకు 140, 150 కిలోమీటర్ల గాలి. తెల్లారి చూస్తే కొబ్బరి చెట్లు ఒకే దిక్కుకి పడుకుని ఉన్నాయి, దువ్వెనతో దువ్వినట్టు. జీడితోటలు కట్టెల మోపుల్లా ఉన్నాయి. కరెంటు లేదు, టవర్లు లేవు. చాలా రోజులు అంతే. నా చేతిలో పద్నాలుగు వేల రూపాయల ఫోన్ ఉండేది, దాంతో రాత్రిళ్ళు టార్చ్ వేసుకున్నాను, తర్వాత అదీ లేదు.

ఆ రోజుల్లో ఊరిని నడిపింది గట్టే. పొద్దున్నే అందరూ అక్కడికి వచ్చేవారు, ఎవరూ పిలవకుండానే. ఎవరింట్లో బియ్యం తడవలేదు, ఎవరి దగ్గర రంపం ఉంది, ఎవరి పైకప్పు లేచిపోయింది, ఏ చంటిబిడ్డకి పాలు లేవు, అన్నీ అక్కడే తేలేవి. బడి వరండాలో ఒకే పొయ్యి మీద వండుకున్నాం. మూడో రోజున ఒకావిడ లేచి, చివరింటి ముసలమ్మ నిన్నట్నుంచి కనిపించలేదు అంది. వెళ్ళి చూస్తే గోడ కింద కాలు ఇరుక్కుని ఉంది, బతికే ఉంది. మీ గ్రూపులో ఒక నంబరు రెండు రోజులు కనిపించకపోతే ఎవరైనా అడుగుతారా?

అయితే ఇంకో ముక్క కూడా చెప్పాలి, లేకపోతే అన్యాయం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖని కొట్టినప్పుడు దేశమంతా చూసింది. తిత్లీకి అలా జరగలేదు, నగరం కాదు కదా. బయట ఉన్న మన పిల్లలు ఫేస్‌బుక్‌లో అరిచి అరిచి చెబితేనే కొంతమందికైనా శ్రీకాకుళం అనే జిల్లా ఒకటుందని గుర్తొచ్చింది. లారీలు వచ్చాయి. కానీ వచ్చిన లారీ వచ్చినట్టు హైవే పక్క ఊళ్ళలోనే ఖాళీ అయిపోయేది. ఒకే ఇంటికి నాలుగు దుప్పట్లు, లోపలి ఊళ్ళకి బిస్కెట్ పాకెట్ కూడా లేదు. హైదరాబాద్ నుంచి ఇద్దరు కుర్రాళ్ళు సరుకుతో వచ్చి హైవే మీద ఆగిపోయి, దారి చూపించే మనిషి ఎవరైనా ఉన్నారా అని అడుగుతుంటే మా గట్టు మీది మనిషి ఒకతను సైకిల్ మీద ముందు వెళ్ళాడు, లారీ అతని వెనక వచ్చింది. మా ఊరికి మొదటి బియ్యం అలా చేరింది.

మీ చిన్నాన్న మాట పదునుగానే ఉంది గానీ, ఆ మూడు లక్షల నలభై వేలు గట్టు మీద కూర్చున్నవాళ్ళు ఎన్నేళ్ళకి పోగుచెయ్యగలరో ఆయన్ని కూడా అడగండి.

చీపురుపల్లి_అప్ప

మాస్టారూ, మీ మాట కాదనను, మీ వయసుకి దండం. కానీ గట్టు గట్టు అంటుంటే నాకు కడుపులో మండుతుంది.

తమ్ముడూ, నువ్వు చెప్పిన ఆ నలభై మందిలో ఆడవాళ్ళు ఎంతమంది? నాకు తెలుసు, సున్నా. నేను పెళ్ళై ఈ ఊరొచ్చి పంతొమ్మిదేళ్ళు. మా గట్టు పక్కనుంచి నీళ్ళకి పోతాను, బడికి పోతాను, గుడికి పోతాను. కొంగు సర్దుకుని తల దించుకుని గబగబా దాటడమే తప్ప ఒక్కరోజు కూర్చున్నది లేదు. మా బోరు ఎక్కడ వెయ్యాలో కూడా నీళ్ళు మొయ్యనివాళ్ళే తేల్చారు, మా వీధికి దూరంగా. గట్టు మీద కూర్చోకూడని వాడ కూడా ఒకటి ఊరి చివర ఉండేది, మీ ఊళ్ళోనూ ఉండే ఉంటుంది. ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకోవడం ఎంత బాగుంటుందో అని రాసేవాళ్ళంతా కూర్చోవడానికి చోటున్నవాళ్ళే.

ఊళ్ళో నాకు పేరు లేదు. ఫలానావాళ్ళ కోడలు, ఫలానావాడి అమ్మ, అంతే. నాలుగేళ్ళ కింద బ్లౌజుల కుట్టు నేర్చుకునే ఒక గ్రూపులో చేరాను, ఫోన్ మా అబ్బాయి పాతది. అందులో ఎనిమిది వేల మంది ఆడవాళ్ళు. చంక దగ్గర ముడత వస్తోంది ఏం చెయ్యాలి అని నేను మొదటిసారి అడిగితే తెనాలి నుంచి ఒకావిడ, బళ్ళారి నుంచి ఒకావిడ ఫొటో మీద గీతలు గీసి మరీ చెప్పారు. నన్ను పేరు పెట్టి పిలిచారు. మా అమ్మ పోయాక నన్ను పేరు పెట్టి ఎవరూ పిలవలేదని నాకప్పుడు గుర్తొచ్చింది. ఆ రాత్రి చాలాసేపు ఊరికే ఫోన్ చూసుకుంటూ కూర్చున్నాను, మా ఆయన ఏడుపెందుకే అంటే ముడత పోయింది అన్నాను.

అలాగని నీ 187ని కూడా నేను నమ్మను. వాటిలో ఆడవాళ్ళవి ఎన్నో లెక్కపెట్టి ఇక్కడ రాయి. ఊరికే అడగడం లేదు.

ఉద్దానం_కుర్రోడు

అప్పా, లెక్కపెట్టాను. గంటన్నర పట్టింది, చాలా నంబర్లకి పేర్లే లేవు, పువ్వులూ దేవుళ్ళే. 412లో ఆడవాళ్ళు 39. అందులో ఓటేసినవాళ్ళు 14. ఆదివారం గట్టు మీద మీరన్నట్టే సున్నా.

మా అమ్మ గ్రూపులో లేదు. చేర్చాలని నాకు ఎప్పుడూ తట్టలేదు. ఇది రాస్తుంటే సిగ్గుగా ఉంది.

సాలూరు_లారీ

గ్రూపులంటే నాకు 2018 మే నెల గుర్తొస్తుంది. అప్పటికి మాది విజయనగరం జిల్లానే. పార్థీ గ్యాంగ్ దిగింది, పిల్లల్ని ఎత్తుకుపోతున్నారు, గొంతులు కోస్తున్నారు అని వాట్సాప్‌లో ఒకటే వీడియోలు. ఏ దేశానివో ఏ ఏటివో తెలియదు. మా కుర్రాళ్ళు కర్రలు పట్టుకుని రాత్రంతా కాపలా. నేనూ కాశాను, దాచడమెందుకు, అప్పుడు మా పాపకి రెండేళ్ళు.

ఒక రాత్రి ఊరి చివర ఒక మనిషి దొరికాడు. జోలె, పాత గొడుగు, సరిగ్గా మాట్లాడడం లేదు. పాతికమంది చుట్టుముట్టాం. ఎవడో వీడియో తీస్తున్నాడు. ఒకడు చెయ్యెత్తాడు కూడా. అప్పుడు మా పెదనాన్న లాంతరు పట్టుకుని వచ్చి మొహం మీద వెలుతురు వేసి చూసి, ఓరి వీడు ఏటా కోతలప్పుడు వచ్చేవాడేరా, ఈసారి తొందరగా వచ్చాడు, పోయిన సంవత్సరం మీ ఇంట్లోనే కదురా బువ్వ తిన్నాడు, అని ఆ చెయ్యెత్తినవాడినే చూపించాడు. అంతే. అందరం చెదిరిపోయాం. వాడికి మా ఇంట్లో అంబలి పోశాం, చేతులు వణికి సగం ఒలికింది.

ఆ ఏడు దేశంలో చాలాచోట్ల లాంతరు పట్టుకొచ్చే పెదనాన్న లేకపోయాడు. మనుషుల్ని కొట్టి చంపేశారు. జులైలో వాట్సాప్ వాళ్ళు మన దేశంలో ఒకేసారి ఐదుగురికి మించి ఫార్వర్డ్ చెయ్యకుండా కట్టడి పెట్టారు. ఫార్వర్డ్ చేసినవాడికి ఆ మనిషి మొహం తెలియదు, అదే దీని రోగం. మీ షెడ్డు గొడవకీ దీనికీ సంబంధం లేదనుకోండి, గ్రూపంటే అదే గుర్తొచ్చి రాశాను.

పైడిభీమవరం_షిఫ్టు

అందరూ గ్రూపుని తిడుతున్నారు గాబట్టి నేను దాని తరఫున ఒకటి చెప్తా. నాకు ఉద్యోగం ఇచ్చింది గ్రూపే. మా ఊళ్ళో తెలిసినవాళ్ళందరినీ అడిగాను, వాళ్ళకి తెలిసినవి నాకు ముందే తెలుసు, హైదరాబాద్‌లో వాచ్‌మన్, చెన్నైలో సెంట్రింగు. డిప్లొమావాళ్ళ టెలిగ్రామ్ గ్రూపులో ఎన్నడూ చూడని ఒకతను ఇక్కడ మందుల ఫ్యాక్టరీలో ఖాళీలు ఉన్నాయని పెడితే వచ్చి చేరాను. అతన్ని ఇప్పటికీ చూడలేదు.

మా క్లాసులో లెక్చరర్ చెప్పేవారు, అమెరికాలో మార్క్ గ్రానోవెటర్ అనే ఆయన 1973లోనే దీని మీద రాశాడట. దగ్గరి వాళ్ళకి మనకి తెలిసిందే తెలుస్తుంది, కొత్త కబురు ఎప్పుడూ ముఖపరిచయం వాళ్ళ దగ్గర్నుంచే వస్తుందని. అప్పుడు పరీక్ష కోసం బట్టీపట్టాను, జీతం పడ్డాక అర్థమయింది.

కానీ చేరిన మొదటి నెల జ్వరమొచ్చి రూములో పడి ఉంటే గంజి తెచ్చింది మాత్రం పక్కరూము ఒరియా అతను. మాకు భాష రాదు. గ్రూపులో పెడితే 62 మంది గెట్ వెల్ సూన్ అన్నారు.

సోంపేట_తమ్ముడు

పై కామెంట్ చూసి రాయాలనిపించింది.

మా అమ్మకి 2019 నుంచి డయాలసిస్. వారానికి మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు. ఉద్దానం అంటే మీకు తెలుసుగా, ప్రతి వీధిలో ఒక కిడ్నీ పేషంటున్నారు. ఈ జబ్బు ఎందుకొస్తోందో ఇన్నేళ్ళయినా ఖాయంగా తేలలేదు. మొదట్లో నాకేమీ తెలియదు. చేతికి ఫిస్టులా వేశారు, అంటే డయాలసిస్ సూదులు గుచ్చడానికి రక్తనాళాలు కలిపి కుట్టడం. ఆ చేతికి బీపీ పట్టీ కట్టించకూడదు, ఆ చేత్తో బిందె ఎత్తకూడదు, ఆ చెయ్యి కింద పెట్టుకుని పడుకోకూడదు, రోజూ వేలు పెట్టి అది జివ్వుమంటోందో లేదో చూసుకోవాలి, ఇవన్నీ నాకు అర్థమయ్యేలా చెప్పింది ఫేస్‌బుక్‌లో కిడ్నీ పేషంట్ల గ్రూపు. ఒకసారి రాత్రి రెండింటికి అమ్మ చెయ్యి వాచిపోతే భయపడి ఫొటో పెట్టాను. కువైట్‌లో ఉన్న ఒకాయన ఐదు నిమిషాల్లో, తెల్లారేదాకా ఆగొద్దు ఇప్పుడే తీసుకెళ్ళు అన్నాడు. వెళ్ళాం. ఆ అర్ధరాత్రి మా ఊళ్ళో ఎవర్ని లేపి అడిగేది?

అదే గ్రూపులో ఇంకొకడు లేత కొబ్బరి నీళ్ళు తాగితే కిడ్నీలు కడిగినట్టు శుభ్రమవుతాయని పెట్టాడు. తొమ్మిదొందల లైకులు. కొబ్బరి నీళ్ళలో పొటాషియం ఎక్కువ, డయాలసిస్ మనిషి ఒంట్లోంచి అది బయటికి పోదు, గుండె ఆగిపోవచ్చు. ఇంటి చుట్టూ కొబ్బరి చెట్లున్న అమ్మకి ఇది చెప్పడం ఎంత కష్టమో మీకు తెలియదు, డెబ్బై ఏళ్ళు తాగిన నీళ్ళు ఇప్పుడు విషమెలా అయ్యాయిరా అనేది. నా మాట వినలేదు, డాక్టర్ మాట వినలేదు. పక్క బెడ్డు మామ్మ చెబితే వింది. "తాగి సూడు, తాగిన రోజే నన్ను ఐసీయూలో పడేసినారు" అందట.

ఆ బెడ్ల దగ్గర వాళ్ళదో లోకం. ఒకే షిఫ్టు, ఒకే ఆటో, ఇంటి నుంచి తెచ్చుకున్న ఇడ్లీ ఒకరిది ఒకరు చూసి ఉప్పెక్కువేమో అని తిట్టుకోవడం. ఎవరైనా రెండుసార్లు రాకపోతే ఆ బెడ్డు వైపు చూస్తారు, ఎవరూ ఏమీ అడగరు. మూడోసారికి కొత్త మనిషి ఆ బెడ్డులో ఉంటుంది. వాళ్ళు ఆ మనిషిని కూడా ఇడ్లీలో ఉప్పు గురించి తిట్టడం మొదలుపెడతారు.

కువైట్ ఆయన రోజూ గుడ్ మార్నింగ్ పెట్టేవాడు. ఆగిపోయింది. మేమెవ్వరం గమనించలేదు, నేను కూడా. నాలుగు నెలల తర్వాత అదే నంబరు నుంచి వాళ్ళమ్మాయి రాసింది, నాన్నగారు పోయారు, ఈ గ్రూపంటే ఆయనకి ప్రాణం అని. మాస్టారూ, మీరు పైన అడిగిన ప్రశ్నకి జవాబు అదే. ఎవరూ అడగలేదు.

కోట_జంక్షన్

విజయనగరం నుంచి. నేను ఈ చర్చలో ఎవరూ ముట్టుకోనిది ఒకటి చెప్పాలి, రాసిన మాట చెరగదు, అన్న మాట గాలికి పోతుంది. రెండిటి తేడా అంతా అక్కడే ఉందని నా లెక్క, ఇంటర్నెట్టు స్పీడులో కాదు.

తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలైంది. దాంట్లో రాసేవాళ్ళందరూ వాదించుకునే పేజీ పేరేంటో తెలుసా, రచ్చబండ. కొన్నాళ్ళు నేనూ అందులో మన ఊళ్ళ పేజీలు దిద్దాను. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడగొట్టాక రాజాం మన విజయనగరంలోకి వచ్చె, పాలకొండ మన్యం జిల్లాకి పోయె, అదంతా మార్చాలి కదా. ముక్కూమొహం తెలియనివాళ్ళతో కలిసి చేశాను. ఎవరు ఏ రోజు ఏ కామా తీసేశారో కూడా చరిత్ర అన్న మీట నొక్కితే కనబడుతుంది. నేనెప్పుడన్నాను అని తప్పించుకోవడానికి లేదు. పని జరగాలంటే ఇంతకంటే మంచి పద్ధతి లేదు, ఒప్పుకుంటాను.

బంధుత్వాలకి మాత్రం ఇదే ఉరితాడు. మా మావయ్యలిద్దరూ పదిహేనేళ్ళ కింద గట్టు తగువులో అనరాని మాటలు అనుకున్నారు. సంక్రాంతికి చిన్నాయన వచ్చి, నేనలా అన్లేదురా, నువ్వలా ఇన్నావు అన్నాడు. పెద్దాయన ఆఁ అయ్యుంటుంది అన్నాడు. ఇద్దరికీ అది అబద్ధమని తెలుసు, చుట్టూ ఉన్న మాకూ తెలుసు. అరిసెలు తిన్నారు. ఇప్పుడు వాళ్ళ కొడుకులు కజిన్స్ గ్రూపులో పొలం గట్టు గురించి పోట్లాడుకున్నారు, స్క్రీన్‌షాట్లు తీసి దాచుకున్నారు. మూడేళ్ళయింది. కలుపుదామని వెళితే ఫోన్ తీసి, ఇదిగో చూడు రాత్రి 11:42కి ఏమన్నాడో అని చూపిస్తున్నాడు. అన్లేదురా అనే అవకాశమే లేదు వాళ్ళకి, పాపం.

అందుకని తమ్ముడూ, ఆ గ్రూపులో ఇంక ఒక్క ముక్క కూడా వాదించకు. సెలవు పెట్టి రైలెక్కు. పలాసలో దిగి వెళ్ళి అక్కడ తిట్లు తిను. తిట్లు అక్కడే ఉండిపోతాయి.

(మా అమ్మ మొన్న పైడితల్లమ్మ సిరిమానోత్సవం, అదే పొడవాటి మాను చివర పూజారిని కూర్చోబెట్టి ఊరేగించే జాతర, ఫోన్‌లో లైవ్ చూసి ఫోన్‌కే దండం పెట్టింది, మోకాళ్ళ నొప్పులు, జనంలో నిలబడలేదు. ఇల్లు గుడికి కిలోమీటరు కూడా లేదు. సిరిమాను మూడోసారి తిరిగేసరికి నెట్ ఆగిపోయింది. బయట జనం కేకలు మాత్రం ఫోన్ కంటే ముందే మా ఇంట్లోకి వినబడ్డాయి.)

నాగావళి_మాస్టారు

అప్ప రాసినదానికి జవాబు చెప్పకుండా పోతే తప్పు. అమ్మా, తిత్లీ రోజుల్లో ఆ ముసలమ్మ కనిపించలేదని చెప్పింది ఒకావిడ అని రాశాను కదా. ఆవిడ గట్టు మీద కూర్చుని చెప్పలేదు. అవతల నిలబడి చెప్పింది. నేను ఇన్నేళ్ళుగా ఆ కథ పదిమందికి చెప్పాను గానీ ఈ ముక్క ఈరోజే గుర్తొచ్చింది.

కోట జంక్షన్ గారికి ఒక మాట. మా శ్రీకాకుళంలో తెలుగు కథల లైబ్రరీ కథానిలయం ఉంది, కారా మాస్టారు, అదే కథారచయిత కాళీపట్నం రామారావు గారు, 1997 ఫిబ్రవరి 22న తెరిచారు. అందులో పాత పత్రికల్లోని కథలు ఇప్పుడు స్కాన్ అయి వెబ్‌సైట్‌లో దొరుకుతున్నాయి, అమెరికా కుర్రాడు కూడా పడుకుని చదువుకుంటాడు. కానీ వాటి వెనక ఉన్నదంతా ఉత్తరాలు రాయడం, పాత పుస్తకాలు ఎవరింట్లో ఉన్నాయో కనుక్కుని అడిగి తెచ్చుకోవడం. మనిషికి మనిషి ఇచ్చింది, తెర మీదకి ఆ తర్వాత ఎక్కింది. 2021లో ఆయన పోయేదాకా ఏ చిన్నవాడు వెళ్ళినా కూర్చోబెట్టి మాట్లాడేవారు. నేను వెబ్‌సైట్ కూడా వాడతాను, కళ్ళు కనబడక అక్షరం పెద్దది చేసుకోవచ్చు. కానీ అక్కడికి వెళ్ళినప్పుడు నేను అడిగిన కథ కాకుండా పక్క బీరువాలో ఇంకోటేదో చూసుకుంటూ సాయంత్రం చేసి వస్తాను.

ఉద్దానం_కుర్రోడు (మూడు వారాల తర్వాత)

అడిగి మాయమైపోయాడు అనుకోకండి. ఊరెళ్ళాను.

కోట జంక్షన్ అన్న చెప్పినట్టే తిట్లు తిన్నాను. గంటన్నర. మా చిన్నాన్న అందరికంటే ఎక్కువ తిట్టాడు, తర్వాత వాళ్ళింటికే భోజనానికి తీసుకెళ్ళి చేపల పులుసు పెట్టించాడు. గ్రూపువాళ్ళు కూడా ఉండాలని ఒక స్టూల్ మీద ఫోన్ నిలబెట్టి వీడియో కాల్ పెట్టాను. పెద్దగా పని చెయ్యలేదు. అందరూ ఒకేసారి మాట్లాడుతుంటే అవతలవాళ్ళకి గోల తప్ప ఏమీ వినపడలేదట, మస్కట్ నుంచి ఒకడు హలో హలో అంటూనే ఉన్నాడు, కాసేపటికి ఒక ముసలాయన చిరాకొచ్చి ఫోన్ మీద తువ్వాలు కప్పేశాడు.

అప్ప మాట మనసులో ఉండి అమ్మని కూడా రమ్మన్నాను. రాను పోరా అంది. ఆఖరికి వాళ్ళ డ్వాక్రా సంఘం వాళ్ళు ఎనిమిది మందితో కలిసి వచ్చింది, గట్టెక్కలేదు, పక్కన కుళాయి దగ్గర నిలబడ్డారు. షెడ్డు గురించీ రావిచెట్టు గురించీ వాళ్ళకి ఏ పట్టింపూ లేదు. కుళాయి వచ్చేది తెల్లవారు నాలుగున్నరకి, అక్కడ లైటు లేదు, పాములున్నాయి, నిలబడడానికి చప్టా లేదు, మీ పంచాయతీ ఏదైనా ముందు ఆ లైటు వేయించండి అంది ఒక పిన్ని. నలభై మందీ నేలచూపులు చూశారు, నాతో సహా. ఇన్నాళ్ళలో అటు గట్టు మీద గానీ ఇటు గ్రూపులో గానీ ఒక్కరు కూడా ఎత్తని విషయం అది.

లైటు మూడో రోజున పడింది, చప్టా నడుస్తోంది. గట్టు కట్టిస్తున్నాం, షెడ్డు లేదు. శ్మశానం దారికి డబ్బు సరిపోదు, గ్రావెల్ వరకు వేస్తాం. షెడ్డుకే ఇచ్చాం అన్నవాళ్ళకి వాళ్ళ డబ్బు వెనక్కి ఇచ్చేశాను, 58,000. ఏడుగురు గ్రూపులోంచి లెఫ్ట్ అయ్యారు, అందులో ఒకడు నా బాల్యస్నేహితుడు, ఫోన్ ఎత్తడం లేదు. అమ్మనీ నాన్ననీ గ్రూపులో చేర్చాను. అమ్మ ఇంతవరకు ఏమీ రాయలేదు, అన్నీ చదువుతుంది, రాత్రి ఫోన్‌లో ఎవరు ఎందుకలా రాశారో నాకు విడమర్చి చెబుతుంది. నాన్న రోజూ పువ్వులతో శుభోదయం పెడుతున్నాడు.

నేను తిరిగొచ్చే ముందు రోజున రావి మొక్క నాటాం, నాన్న చేతే. మూడో రోజుకి మేక తినేసింది. మొండి మొక్క ఫొటో గ్రూపులో పెట్టింది కూడా నాన్నే, శుభోదయం కిందే. అరవై మంది ఏడుపు బొమ్మలు పెట్టారు. ఎవరి మేకో అని మస్కట్ వాడు అడిగాడు. ఊళ్ళో అందరికీ తెలుసు. గ్రూపులో ఒక్కరూ రాయలేదు.